చెంబెడు నీళ్లు

“తొట్టి నింపి పో కృపా, మళ్లీ ఎన్నాళ్లకొస్తావో ఏమో” అంది మా అత్త మార్తమ్మ, నేను తొలికాన్పుకు పుట్టింటికి బయలుదేరే రోజు పొద్దున్నే. రైలుకు వేళవుతోంది. మా ఆయన దావీదురాజు గడప దగ్గర కూర్చుని ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. నేను నా పొట్ట చూసుకున్నాను, తొట్టి చూశాను. రెండూ గుండ్రంగానే ఉన్నాయి, ఒకటి నిండింది, ఒకటి నిండలేదు. సరేలెమ్మని బిందె చంకనెత్తుకున్నాను.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఊరి నిండా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, వాటిలో ఒకదాంట్లో మా ఆయన గుమాస్తా. ఊళ్లో మనుషులు పెరిగారు గానీ నీళ్లు పెరగలేదు. తుంగభద్ర ఇసుకలో చెలమ తవ్వుకుని, నీరు ఊరేదాకా కూర్చుని, ముంతతో ముంచి బిందె నింపుకోవాలి. పెళ్లయి ఆ ఇంట్లో అడుగు పెట్టిన మర్నాటి నుంచి ఆ పని నాది. నెలలు నిండుతున్నాయని నేను నసిగితే, నడిస్తే కాన్పు సులువవుతుందని అత్త అనేది. మగవాడు బిందె ఎత్తుకుంటే వీధిలో నవ్వరూ అని మా ఆయన అనేవాడు, నేను తెచ్చిన నీళ్లతోనే ముఖం కడుక్కుంటూ. చెడ్డవాడు కాడు పాపం. బిందె దించేటప్పుడు ఒక్కోసారి చెయ్యి వేసేవాడు కూడా, తలుపు మూసి ఉంటే. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చేది. కానీ కోపం వచ్చినప్పుడల్లా నవ్వు కూడా వస్తుంది నాకు, అదొక జబ్బు.

రెండు రైళ్లు మారి, కమలాపురంలో దిగి, ఎద్దుల బండిలో మా ఊరు చేరేసరికి మా అవ్వ వాకిట్లోనే కాచుకుని ఉంది. మా నాయన తల్లి ఆమె. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాదిరి ఆమెకు సారా అని పేరు పెట్టాడట. ఆ పేరుతో పిలిస్తే ఎన్నాళ్లకూ పలక్కపోయేసరికి దేవుడు కూడా రాజీపడి సుంకమ్మ అనే రాసుకుని ఉంటాడు. మా పేటలో సగం మంది పుట్టగానే ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. బండి దిగీ దిగకముందే నా పొట్ట మీద చెయ్యి వేసి, అటు నొక్కి ఇటు నొక్కి, మగబిడ్డ, వచ్చే ఆదివారం అని తేల్చేసింది.

ఆ ఆదివారం వచ్చింది, పోయింది. ఇంకో ఆదివారం కూడా వచ్చి పోయింది. పేటలో ఆడవాళ్లందరికీ మా గడప దారిలోనే పడేది. గడ్డికి పోయేవాళ్లు, రాళ్లు కొట్టను పోయేవాళ్లు, అందరూ ఒకసారి తొంగి చూసి “ఇంకా గాలేదా పాపా?” అని అడిగేవాళ్లు, నేనేదో పని ఎగ్గొడుతున్నట్టు. ఒకరు ఆముదం తాగమన్నారు, ఒకరు జొన్నలు విసరమన్నారు. ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. అవ్వ కొంగు బిగించింది, అమ్మ పొయ్యి మీద కాగు పెట్టింది, ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వచ్చి గోడవారగా కూర్చున్నారు. నేను పెద్దగా ఒక కేక వేశాను, గ్యాసు పోయింది, నొప్పి తగ్గిపోయింది. వచ్చినవాళ్లు ఊరికే పోతే బాగుండదని అమ్మ బొరుగులు కలిపి పెట్టింది. బాగున్నాయని మెచ్చుకుని, తిని, ఇళ్లకు పోయారు.

అసలు నొప్పులు మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒక తెల్లవారుజామున వచ్చాయి. దాని సంగతి నేను చెప్పను. కన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, కననివాళ్లకు చెప్పినా తెలియదు. ప్రార్థనకు గుడిగంట కొట్టే వేళకు బిడ్డ బయట పడింది. ఆడపిల్ల. అవ్వ ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకుని, మగబిడ్డే రావాల్సిందని, దారిలో మారిపోయిందని అంది. నేను బిడ్డను చూశాను. ఎర్రగా, ముడతలు పడి, కళ్లు మూసుకుని లోకమంతటి మీదా కోపంగా ఉంది. నాకు ఏడుపు, నవ్వు, ఆకలి, నిద్ర అన్నీ ఒక్కసారే వచ్చాయి. అన్నిటికన్నా ముందు దప్పిక వేసింది.

“నీళ్లు” అన్నాను.

“నీళ్లా?” అంది అవ్వ, నేను సారా అడిగినట్టు. “బాలింతకు నీళ్లేంది?”

అప్పటిదాకా ఈ సంగతి నాకు విని తెలుసు గానీ పడి తెలియదు. పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట దిగదట, ఒళ్లు నీరు పడుతుందట, పాలు పలచనై బిడ్డకు జలుబు పట్టి, గుక్క తిప్పుకోలేదట. పొద్దున ఒక గరిటెడు, మాపున ఒక గరిటెడు, వాము వేసి కాచిన నీళ్లు. అంతే. అది కడప జిల్లా, అవి రాళ్లు పగిలే ఎండలు. నా తలకు గుడ్డ చుట్టారు, చెవుల్లో దూది పెట్టారు, మీద కంబళి కప్పారు, నులకమంచం కింద కుంపటి పెట్టారు. తినడానికి వెల్లుల్లి కారం అన్నం, పైన శొంఠి, పిప్పళ్లు దంచిన కాయం ముద్ద. లోపల మంట, బయట మంట. పంచలో కొత్త కడవ ఉంది. ఎవరో ఒకరు వచ్చి అందులో ముంత ముంచేవాళ్లు. దూది పెట్టినా ఆ బుడుంగుమనే చప్పుడు నా చెవికి బాగా వినపడేది.

ఉపదేశి అయ్యగారు వచ్చి తలుపు బయట నిలబడి ప్రార్థన చేశాడు. దాహంతో ఉన్న ఆత్మలన్నిటినీ పేరుపేరునా తలుచుకున్నాడు. లోపల మంచం మీదున్న ఆత్మ అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. ప్రార్థన అయ్యాక అమ్మ ఆయనకు ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన గుటక వేసినప్పుడల్లా నా గొంతు కూడా కదిలింది.

నా దప్పిక ఒకెత్తు. బిడ్డకు పాలు రాకపోవడం ఇంకొకెత్తు. అది రొమ్ము పట్టి లాగేది, లాగేది, ఏమీ రాక మొహం కందిపోయేలా ఏడ్చేది. అవ్వ మేకపాలలో గుడ్డవత్తి ముంచి నోట్లో పెట్టేది. అది రెండు చప్పరింపులు చప్పరించి ఉమ్మేసేది. ఆ ఏడుపు రోజురోజుకూ సన్నబడుతూ వచ్చింది. ఎండిన బావిలో చేద వేస్తే ఏమొస్తుందవ్వా, నాకు నీళ్లిచ్చి చూడమని అడిగాను. నాలుగక్షరాలు నేర్చుకున్న నోరు నాలుగు వీధులు తిరుగుతుందని అవ్వ సామెతలాంటిదొకటి చెప్పి, నా నోట్లో ఇంకో కాయం ముద్ద పెట్టింది. అమ్మ తల వంచుకుని బొంతలు మడత పెడుతూ ఉంది.

ఒక మధ్యాహ్నం అవ్వ దొడ్లో కాళ్లు చాపుకుని, కాళ్ల మీద బిడ్డను వేసుకుని నీళ్లు పోస్తోంది. దాని తల మీద నుంచి ఆ నీళ్లన్నీ వృథాగా పోతున్న చప్పుడు. అమ్మ గుడ్డలు ఉతకను వంకకు పోయింది. నేను మంచం దిగాను. నిలబడితే కళ్లు తిరుగుతాయని గోడ పట్టుకుని, సగం పాకుతూ, పంచలోకి పోయాను. కడవ మూతి రెండు చేతులా పట్టుకుని నా వైపుకు వంచుకుంటున్నాను, గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే అమ్మ, నెత్తిన తడిగుడ్డల గంపతో.

నా పని అయిపోయిందనుకున్నాను. అమ్మ గంప దించింది. దొడ్డివైపు తలుపు దగ్గరికి వేసింది.

“కడవ వంచొద్దు, సప్పుడైతాది” అంది గుసగుసగా. “ముంతతో ముంచుకో. మెల్లింగ తాగు, పొలమారితే అవ్వకు ఇనపడతాది.”

తాగాను. ఆ నీళ్లు గొంతులోంచి దిగి, ఎదలోకి, పొట్టలోకి, అరికాళ్లలోకి పోతుంటే నాకు తెలిసింది. ఇంకో ముంత తాగాను. మూడోది తాగుతుంటే అమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని, గోడ వంక చూస్తూ చెప్పింది. “నువ్వు పుట్టినప్పుడు నేను దూడకు పెట్టిన కుడితి తాగినా పాపా. వంగి తాగుతాంటే ఆ దూడ నన్నే సూస్తా ఉండాది.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. ఆ దప్పిక ఇట్లాంటిదని తెలిసి కూడా నన్నెందుకు ఎండబెట్టావమ్మా అని అడిగాను.

“ఈ ఇంట్లో వద్దనేది మీ అవ్వ” అంది అమ్మ. “ఇయ్యమనేదానికి నేనెవర్ని?”

ఆ రోజు నుంచి మా దొంగతనం మొదలైంది. ఉతికిన బొంతల మడతల కింద ముంత పెట్టుకుని అమ్మ లోపలికి వచ్చేది, తిరిగి మాసిన గుడ్డల కింద ఖాళీ ముంత పట్టుకుని పోయేది. ఆ వయసులో మా అమ్మ కళ్లల్లో అంత కొంటెతనం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. పాలు పడ్డాయి. మామూలుగా కాదు, రవిక తడిసిపోయేలా పడ్డాయి. బిడ్డ తాగి, తాగి, బుగ్గలు ఊరి, పాలు కారుతున్న నోటితోనే నిద్రపోయేది. అవ్వ దాని తొడ గిల్లి చూసుకుని మురిసిపోయింది.

ఆ మురిపెం దగ్గరే వచ్చింది చిక్కు. వచ్చినవాళ్లందరితోనూ అవ్వ చెప్పేది, చుక్క నీళ్లు ముట్టలేదని, అంతా తన కాయం మహిమని. పక్కింటి రాహేలు రోజూ వచ్చి కూర్చునేది. తల్లి లేని పిల్ల, కాన్పు అత్తగారింట్లోనే. కడుపుతో ఉంది, ఇంకా మొహంలో పసితనం పోలేదు. ఒకరోజు అది నా దగ్గరికి జరిగి “అక్కా, దప్పికను ఓర్చుకోవచ్చునా?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుని, దానికి దప్పికే కాలేదులే, గట్టి ముండ అని నన్ను మెచ్చుకుంది. రాహేలు తలూపి, ఉమ్మి మింగింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను తలుపు చాటున తాగిన ప్రతి ముంతా ఈ పిల్ల గొంతుకు అడ్డం పడబోతోంది.

ఇక చాటుగా తాగనని ఆ సాయంత్రం అమ్మతో చెప్పాను. అమ్మ హడలిపోయింది. ఇప్పుడు బయటపడితే అవ్వ ఊరుకోదు, రేపు బిడ్డ తుమ్మినా ఆ నీళ్ల మీదికే పోతుంది, మీ అత్త నన్ను నిలబెట్టి కడుగుతుంది అని చేతులు పట్టుకుంది. అన్నీ నిజమే. నాకూ భయమే. అందులోనూ ఉయ్యాలలో వేసే రోజు దగ్గర పడింది, కర్నూలు నుంచి అత్త, ఆయన వస్తున్నారు.

వచ్చారు. మగవాళ్లు బయట వేపచెట్టు కింద, ఆడవాళ్లు లోపల. ప్రార్థన అయింది, పాట అయింది, బిడ్డను ఉయ్యాలలో వేశారు. మా అత్త దాన్ని ఎత్తుకుని, బరువు చూసి, ఇంత పాలు యాడివని అడిగింది. నీళ్లు ముట్టనియ్యలేదు కదా అని కూడా అడిగింది. చుక్క గూడా లేదని అవ్వ ఛాతీ విరుచుకుంది. రాహేలు ఒక మూల కూర్చుని అన్నీ వింటోంది.

“అమ్మా” అన్నాను, గట్టిగానే. “నాకు చెంబెడు నీళ్లు తే.”

 అమ్మ నన్ను చూసింది, అవ్వను చూసింది.  తర్వాత లేచింది. బొంతల కింద దాచే ముంత కాదు, ఉపదేశి అయ్యగారికిచ్చే ఇత్తడి చెంబు తీసుకుని, నిండా ముంచి, అందరి మధ్యలోంచి నడిచి వచ్చి నా చేతికిచ్చింది. నేను తాగాను. నా గుటకలు అందరికీ వినపడ్డాయి.

“అయ్యో, పాలు ఇరిగిపోతాయి” అంది అత్త.

“పుట్టిన వారంలోనే మొదలుపెట్టినా అత్తా” అన్నాను. “దినామూ తాగుతాండా. తాగినాంకనే పాలు పడినాయి. నీ చేతిలోనే ఉండాది గదా బిడ్డ, సూడు.”

అందరూ బిడ్డను చూశారు. తర్వాత అందరూ అవ్వను చూశారు. అవ్వ మొహం నల్లబడింది, ఎర్రబడింది. కొంగుతో మూతి తుడుచుకుంది. అమ్మ నా మంచంకోడు పట్టుకుని నిలబడింది. 

“నేను ఏడుమందిని కనినా” అంది అవ్వ నేల చూస్తూ. “ఏడుసార్లూ తాగినా. యాడ తాగినానో మాత్రం అడగొద్దండి.”

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు ఒక మూల పుట్టి ఇల్లంతా పాకింది. ఒకామె బిడ్డకు పోసే స్నానం నీళ్లు తాగిందట. ఒకామె వాన పడుతుంటే చూరు కింద నోరు పెట్టిందట. ప్రతి మనిషీ తానొక్కతే దొంగననుకుని ఇన్నేళ్లు బతికింది. అమ్మ దూడ సంగతి చెప్పేసరికి అవ్వ కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, అందుకేనేమే ఆ దూడ చిక్కిపోయిందని కోడల్ని వీపు మీద చరిచింది. ఆ గోలకు మా ఆయన ఏమైందోనని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

మా అత్త నవ్వలేదు. బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, చాలా మెల్లిగా అంది.

“నేను తాగలే.”

నవ్వు ఆగిపోయింది.

“మా అత్త వద్దనింది. నేను తాగలే. నాలిక పిడచ కట్టుకపోయినా తాగలే. వీనికి పాలే రాలే నాకు. పక్కింటి ఫాతిమాబీ ఇచ్చి సాకింది.” గుమ్మంలో ఉన్న కొడుకు వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. “నా ఒళ్లే మంచిది గాదనుకున్యా, ఇన్నాళ్లూ.”

మా ఆయన కంచం ముందు కూర్చుని చేసే పరాచికం నాకప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మది ఎండుపొదుగు, నేను పొరుగింటి పాలతో బతికినవాణ్ని అని నవ్వించేవాడు. అత్త గిన్నెలు తీసుకుని లేచిపోయేది.  నాకు అత్త మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా కరగలేదు గానీ, చెంబులో ఇంకా సగం నీళ్లున్నాయి. తీసుకోమని అత్త ముందుకు చాపాను.

అత్త అందుకుంది. తాగలేదు. ఆ చెంబు పట్టుకుని, ఆడవాళ్లను దాటుకుంటూ, మూల కూర్చున్న రాహేలు దగ్గరికి పోయింది. దాని పొట్ట వంక చూసి, ఎప్పుడని అడిగింది. వానలు పడినాక అని రాహేలు చెప్పింది. అత్త ఆ పిల్ల చేతిలో చెంబు పెట్టి, తన రెండు చేతులతో ఆ చేతిని మూసింది.

“మీ అత్త వద్దంటే,” అంది, “కర్నూలు మార్తమ్మ తాగమనిందని జెప్పు.”