డేగ ముసుగులో ఇద్దరు

హాలీవుడ్ దగ్గర బర్బ్యాంక్‌లోని చిన్న సినిమా హాల్లో డెస్మండ్ చివరి వరుసలో కూర్చుని, టోపీని కళ్లమీదికి లాక్కున్నాడు. పక్కన ఎఫ్రెన్. పన్నెండేళ్లుగా ‘ఇనుప డేగ’ సినిమాల్లో డెస్మండ్ హీరో, ఎఫ్రెన్ అతని డూపు. డేగ అనే ఆ ఎగిరే వీరుడి ముఖం ఎప్పుడూ ముసుగులోనే ఉంటుంది. ఆరు సినిమాలయ్యేసరికి డెస్మండ్‌కి ఆ ముసుగంటేనే వెగటు పుట్టింది. లోపల చెమట, మెడనొప్పి, ఊపిరాడని భయం. పక్క ఊరు పసదీనాలో ఒక చిన్న నాటకంలో బడి మాస్టారి వేషం ఒప్పుకున్నాడు. సొంత ముఖంతో నిలబడాలన్నదే అతని ఆశ. కానీ ఏడో సినిమాకి ఎప్పుడో సంతకం పెట్టేశాడు.

నిర్మాత లొరెట్టా ఒక మెలిక పెట్టింది. "జనం డేగ కోసం వస్తున్నారా, నీకోసమా, వాళ్లనే అడుగుదాం. డేగ కోసమైతే నిన్ను వదిలేస్తా. నీకోసమైతే ఏడోది చెయ్యాల్సిందే, నాయనా."

డెస్మండ్ వెంటనే సరేనన్నాడు. లోపల ఎవరున్నా జనానికి తేడా తెలీదని అతని ధీమా. ఆరో సినిమా తీస్తుండగా అతని మోకాలు విరిగింది. చివరి అరగంట ముసుగులో నటించింది ఎఫ్రెనే, గొంతు ఒక్కటే డెస్మండ్‌ది. ఆ సంగతి బయటపెట్టకూడదని ఇద్దరి ఒప్పందాల్లోనూ ఉంది. డెస్మండ్‌ని వదిలేస్తే ఆ వేషం తనదేనని ఎఫ్రెన్ కూడా ఆశపడుతున్నాడు.

ఆరో సినిమా విడుదలకి ముందు వేసిన ఆ ఆట అయ్యాక ఇరవైమంది ప్రేక్షకుల్ని ముందు వరుసల్లో ఆపి ప్రశ్నలు మొదలుపెట్టారు.

"లోపల ఎవడుంటే మాకేంటండీ, డేగ ఎగిరితే చాలు," అన్నాడు పైపులు బిగించే ఒకాయన. డెస్మండ్ గుండె తేలికపడింది.

అప్పుడు ఒక రిటైరైన నర్సు అందుకుంది. "చివర్లో వంతెన మీద కొడుకు పోయినప్పుడు ఆ భుజాలు ఎలా కుంగిపోయాయో చూశారా? ముఖం కనపడకుండా ఏడిపించాడండీ. డెస్మండ్ కాకపోతే నేను రాను."

"అవునండోయ్, ఆవిడ చెప్పాక నాకూ అలాగే అనిపిస్తోంది," అన్నాడు పైపులాయన.

కొత్తవాడైతే ఎవరెవరు రారని అడిగితే పద్దెనిమిది చేతులు లేచాయి. ఒప్పందం గంగలో కలిసినా సరే అనుకుని, డెస్మండ్ టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

"ఆ వంతెన మీద ఉన్నది నేను కాదండీ. ఇదిగో, నా డూపు ఇతను."

హాలంతా నవ్వులు, చప్పట్లు.

"డూపుని పక్కన కూర్చోబెట్టుకుని, పేరంతా అతనికే ఇచ్చేస్తున్నాడు," అంది నర్సు, కళ్లు తుడుచుకుంటూ. "ఇందుకే కదా ఈయనంటే ప్రాణం."

ఎఫ్రెన్ సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. ఎవరూ నమ్మలేదు కనక గోడవారన నిలబడ్డ లొరెట్టాకి కోపం కూడా రాలేదు. ఆమె ఫోన్ తీసి తేదీలు చూసుకుంటోంది.

బయట ఎండలో ఇద్దరూ కార్ల దగ్గరికి నడిచారు. ఎఫ్రెన్ తన కారు తాళం తీస్తూ అన్నాడు.

"ఆరోజు నేను నిజంగానే ఏడ్చాను, డెస్. ముసుగు తీసేలోపు కన్నీళ్లు ఆరిపోయాయి."

డెస్మండ్ నాటకం వాళ్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

"నిన్నెప్పుడు రమ్మన్నారు?" అడిగాడు ఎఫ్రెన్.

"సోమవారం. కొత్త ముసుగుకి తల కొలతలు తీసుకుంటారట."

"నన్నూ సోమవారమే రమ్మన్నారు, మళ్లీ డూపుగానే," అన్నాడు ఎఫ్రెన్. "నీ కొలతలే నాకూ సరిపోతాయట."