ఎఫ్ నొక్కితే

ధరణి వేలు ఎఫ్ మీద పడింది. కంప్యూటర్ తెర మీది శెనక్కాయ తీగ మొత్తం ఎర్రరంగులో మునిగిపోయింది.

“మళ్లీనా!” పళ్లు కొరికింది.

ధర్మవరంలో, మగ్గం మీద డిజైను నేయించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టే షాపు అది. ధరణి సొంతంగా గీసిన మొదటి పట్టుచీర అంచు ఇది. మధ్యాహ్నంలోగా అట్టలు తయారైతే కుళ్ళాయమ్మ మగ్గం మీదికి ఈ అంచే ఎక్కుతుంది. లేదంటే పాత డైమండ్ల అంచే వేయిస్తానని చీర నేయించే షావుకారు తెగేసి చెప్పాడు.

ఇంట్లో ధరణి వాడేది ఒక ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్. అందులో ఎఫ్ నొక్కితే బొమ్మ అద్దంలోలా అటు తిరుగుతుంది. తీగలో ప్రతి ఆకునూ, ప్రతి కాయనూ అలా తిప్పాల్సిందే. షాపులో నిన్ననే దాని కొత్త వెర్షన్ వేశారు. ఇక్కడ ఎఫ్ అంటే రంగు నింపడం. ఆ సంగతి బుర్రకు ఎక్కింది కానీ వేలికి ఎక్కలేదు. పోనీ మెనూలో వెతికి ఒక్కొక్కటీ తిప్పుదామంటే పొద్దు వాలిపోతుంది.

అట్టల కోసం బెంచీ మీద కూర్చున్న కుళ్ళాయమ్మ తొంగిచూసింది. “ఏం పాపా, శెనక్కాయలకు కుంకుమ పూస్తాండావా?”

“నవ్వొద్దక్కా, నాకు ఏడుపొస్తాండాది.”

హిందూపురంలో డిజైన్లు గీసే నరేష్‌కు ఫోన్ చేసింది. అతను కొత్త వెర్షన్‌తో ఎప్పుడో కుస్తీపట్టి గెలిచాడు.

“అన్నా, యాడుండావు?”

“రైల్లో. పెనుకొండ దాటినా. ఏమైంది?”

“ఈ ఎఫ్ నా కొంప ముంచుతాండాది!”

నరేష్ పకపకా నవ్వాడు. “ఏలు మార్చుకోవద్దు, కీ మార్చు. సెట్టింగుల్లో కీబోర్డు అని ఉంటాది. ఆడ తిప్పే పని పట్టుకుని...” గుట్టల మధ్య సిగ్నల్ పోయింది.

అది చాలు. ధరణి వెతికి పట్టుకుంది. తిప్పే పనికి ఎదురుగా ఎఫ్ కొట్టగానే ఒక హెచ్చరిక లేచింది: ఆ కీ ఇప్పటికే రంగు నింపడానికి ఉంది, దాని దగ్గర్నుంచి తీసుకోమంటావా?

చెయ్యి ఆగింది. కంప్యూటర్ తనది కాదు. తను మార్చి పోతే రేపు షాపు ఓనరు వేలు తడబడుతుంది. ఆ ఓనరు క్రాంతి కుమార్‌నే పిలిచి విషయం చెప్పింది.

అతను తల పట్టుకున్నాడు. “అది మార్చొచ్చా? నిన్నట్నుంచి దాన్ని తిట్టని తిట్టు లేదు పాపా! లాగేసుకో!”

లాగేసుకుంది. ఎఫ్ నొక్కింది. ఆకు బుద్ధిగా అటు తిరిగింది. ఆ పక్కది, ఆ పక్కది... వేలు పరుగందుకుంది.

యంత్రం మొదటి అట్టను గుద్దగానే కుళ్ళాయమ్మ లేచి చీర దులుపుకుంది. “షావుకారుకు ఫోన్ కొట్టు పాపా. డైమండ్లు బీరువాలో దాచిపెట్టుకోమను.”