ఉదయం ఆరు నుంచి ఏడు

ఆటగాళ్ల వసతి భవనంలో ఆ ఫ్లాటుకు ఎనిమిది మంది, రెండు స్నానాల గదులు. దానికైనా సర్దుకోవచ్చు గానీ, పెద్దక్క గురకకు సర్దుకోవడం మానవమాత్రుల వల్ల కాదు. డిస్కస్ విసిరే మనిషి. పగలు చేతుల్లో ఉన్న బలమంతా పడుకున్నాక ముక్కులోకి చేరేది.

ఆమెతో గది పంచుకున్న చిట్టి లాంగ్ జంపర్. మర్నాడు మధ్యాహ్నమే ఆ పిల్ల పోటీ. రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. పోటీ ముగిసినవాళ్లెవరో వెళ్లిపోవడంతో పై అంతస్తులో ఒక మంచం ఖాళీ అయింది. ఒకరి గదిలో మరొకరు పడుకోకూడదని నియమం. అయినా పెద్దక్క దుప్పటి చంకన పెట్టుకుని పైకి వెళ్లింది.

నిషేధించిన మందుల పరీక్ష కోసం ఆటగాళ్లు రోజూ ఏ గంటలో దొరుకుతారో ముందే రాసివ్వాలి. ఆ గంట చెప్పిన గదిలోనే ఉండాలి. ఆమె రాసింది ఉదయం ఆరు నుంచి ఏడు. ఈ ఏడాది అప్పటికే రెండుసార్లు, చెప్పకుండా పరీక్షకు వచ్చినవాళ్లకు దొరకలేదు. మూడోసారి తప్పితే రెండేళ్ల నిషేధం. ఆరులోపే దిగివద్దామనుకుంది. పాపం, ఆమెకూ నిద్ర పట్టేసింది.

ఏడుంపావుకు పరుగున దిగివచ్చేసరికి చిట్టి మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"నిన్నెలా కాపాడానో తెలుసా అక్కా! ఆరింటికి గదుల తనిఖీకేమో, ఎవరో ఆఫీసరమ్మ వచ్చి నువ్వెక్కడని అడిగింది. పైన పడుకున్నావంటే గొడవవుతుందని, ప్రాక్టీసుకెళ్లిందని చెప్పేశా."

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. బుద్ధెరిగాక రహస్యం దాచింది ఆ ఒక్కసారే.

"వెళ్లిపోయిందా?"

"ఎక్కడ! గంటసేపు లిఫ్ట్ పక్కనే కూర్చుంది. మళ్లీ మళ్లీ తలుపు కొట్టింది. నేను లొంగితేగా! ఇప్పుడే ఏదో రాసుకుని పోయింది."

పెద్దక్క మంచం అంచున కూలబడింది. ముప్పై ఆరేళ్లు. రెండేళ్లు పోతే ఇక ఎవరు పిలుస్తారు? ఇద్దరూ ఒకరికొకరు మేలే చేసుకున్నారు. కొంప మునిగింది. తిట్టడానికి నోరు తెరిచింది. ఎదురుగా కడుపునిండా నిద్రపోయిన మొహం. ఈ మాట చెబితే ఆ కాళ్లు నేల వదులుతాయా?

ఫోన్ మోగింది. జట్టు మేనేజరు.

"మూడోసారీ పరీక్షకు దొరకలేదని రాసిచ్చారట. పన్నెండింటికల్లా కార్డు ఇచ్చేసి గది ఖాళీ చెయ్యాలమ్మా. నా చేతుల్లో ఏం లేదు."

ఆ కార్డు లేకపోతే స్టేడియం గేటు కూడా దాటనివ్వరు.

"ఎవరక్కా?"

"ఎవరో లే."

"మూడింటికి నా జంప్. ముందు వరసలో కూర్చుని గట్టిగా అరవాలి. నీ గొంతు వినపడకపోతే ఊరుకోను."

"అరుస్తానే తల్లీ," అంది పెద్దక్క.

చిట్టి స్నానానికి వెళ్లింది. నీళ్ల చప్పుడు ఆగేలోపు వెళ్లిపోవాలని పెద్దక్క గబగబా సంచి సర్దుకుంది.