పదిహేడో పచ్చ చుక్క

మా ఆసుపత్రి నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ అడగకుండా ఎవరినైనా లోపలికి రానిచ్చే లోపం ఉందని లోకానికి మంగళవారం తెలిసింది. నాకు రెండేళ్ల నుంచి తెలుసు.

ఆ పొద్దున నేను మా ఇంటి మెట్ల మీద కూర్చుని కర్రపెండలం తొక్క తీస్తుంటే అంజన ఫోన్ చేసింది. కేరళలో పాలా దగ్గర గుట్ట మీద కాన్వెంట్ సిస్టర్లు నడిపే ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసుకునేది ఇప్పుడు ఆమే. అంతకు ముందు పదకొండేళ్లు నేను చూశాను. ప్రతి తీగా నేను లాగించిందే. ఆమె నన్ను చేట్టా, అంటే అన్నా, అని పిలుస్తుంది.

"తొమ్మిచ్చన్ చేట్టా, వార్త చూశారా? ఢిల్లీ నుంచి హెచ్చరిక వచ్చింది. మన సాఫ్ట్‌వేరే. ప్రమాదం పదికి తొమ్మిది పాయింట్ ఎనిమిదట. నాకు లెక్కల్లో కూడా అన్ని మార్కులు రాలేదు."

"ముందు ఇంటర్నెట్ నుంచి లోపలికొచ్చే దారి కోసెయ్" అన్నాను.

"కోస్తా. ఎక్కడెక్కడ ఏం తెరిచారో మీకేగా తెలుసు? కాగితం మీద ఒక్క ముక్క రాసిపెట్టి పోలేదు, మహానుభావులు. రండి. సిస్టర్‌ని అడిగే పిలుస్తున్నా."

వెళ్లాను. సాయం చేద్దామనే మంచితనంతో వెళ్లానని చెప్పుకోవచ్చు, కానీ అది అబద్ధం. ఎవరెవరు లోపలికి వచ్చారో ఆ సాఫ్ట్‌వేర్ చిట్టా రాసుకుంటుంది. ఆ చిట్టాలో నేనున్నాను. అంజన కంటే ముందు దాన్ని నేను చూడాలి. అందుకే వెళ్లాను.

సంగతి చెప్పేస్తాను. ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఎల్సి నా భార్య. విడాకులు లేవు, మా కేథలిక్కుల్లో అవి అంత తేలిగ్గా రావు. మూడేళ్లుగా వేరుగా ఉంటున్నాం, అంతే. ఆమె నన్ను వదిలి అక్క వాళ్లింటికి వెళ్లిపోయాక, ఒకే క్యాంటీన్‌లో చెరో మూల కూర్చుని అన్నం తినడం నా వల్ల కాలేదు. ఉద్యోగం మానేశాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటూ ఆ చుట్టుపక్కల స్కూళ్లకీ బ్యాంకులకీ తీగలు వేసుకుంటున్నాను.

మానేసిన ఏడాదికి ఒకరోజు నా పాత కంప్యూటర్‌లో గుర్తుపెట్టుకున్న ఆసుపత్రి నెట్‌వర్కు పేజీ ఊరికే నొక్కాను. తెరుచుకుంది. నా ఖాతా ఎప్పుడో తీసేశారు, అయినా తెరుచుకుంది. వీధి గుమ్మంలో ఎవరు నువ్వని గద్దించే ఆ సాఫ్ట్‌వేర్, పెరటి దారిన నేరుగా వంటింట్లోకి వచ్చినవాణ్ణి ఏమీ అడగదు. చేతిలో పని వదిలేసి ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిన సంగతి అది. ఫోన్ అందుకున్నాను కూడా.

అప్పుడే తెర మీద రెండో అంతస్తు ల్యాబ్ వరస కనబడింది. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో చుక్క, పక్కన మనిషి పేరు. పదిహేడో చుక్క పక్కన "ఎల్సి" అని ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఆ పేరు టైపు చేసింది నేనే. చుక్క పచ్చగా ఉంది. అంటే ఆమె వచ్చింది, కంప్యూటర్ వేసింది, పని చేసుకుంటోంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత రోజూ అదే. ఏడూ నలభై అయిదుకి పేజీ తెరిచి కూర్చునేవాణ్ణి. బూడిదరంగు చుక్క పచ్చగా మారేది. నా గుండె కుదుటపడేది. పాలు లేని కట్టన్ చాయ తాగి పనికి బయల్దేరేవాణ్ణి. ఇంకేదీ ముట్టుకోలేదు. సిగ్గుపడాల్సిన పనే. కానీ ఆ ఒక్క నిమిషం లేకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

సర్వర్ గదిలో అంజన నా రాక కోసం ఆగలేదు. బయటి దారి అప్పటికే మూసేసింది.

"ఇదిగో, ఈ కన్నం. పేరు 'వరద తాత్కాలికం' అట. ఎవరి ఘనకార్యం?"

"నాదే. వరదలప్పుడు గుట్ట ఎక్కలేక ఇంటి నుంచి పని చేద్దామని తెరిచాను."

"వరద తీసి ఏడేళ్లయింది చేట్టా. మీరింకా పడవలోనే ఉన్నారా?"

నవ్వాను. మా వృత్తిలో తాత్కాలికం అని పేరు పెట్టిన దాన్ని ఎవరూ తీయరు. తీస్తే ఇంకేది ఆగిపోతుందోనని భయం. నా తర్వాత మూడేళ్లు ఆమె కూడా తీయలేదు, ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఇంతలో ఆసుపత్రి పెద్ద సిస్టర్ రోసిలిన్ తలుపు దగ్గర నిలబడ్డారు.

"తొమ్మిచ్చన్, నాకు మీ భాష వద్దు. రోగుల రిపోర్టులు పరాయివాళ్ల చేతికి పోయాయా? ఆ ఒక్కటి చెప్పు."

"సాయంత్రంలోపు చెబుతాను సిస్టర్. అప్పటిదాకా ల్యాబూ బ్లడ్ బ్యాంకూ కాగితాల మీద నడిపించండి."

ఆ మాట వార్డులకి చెప్పి రావడానికి అంజన ఆవిడ వెంట వెళ్లింది. గదిలో నేనూ చిట్టా మిగిలాం.

తెరిచాను. మా ఇంటి ఇంటర్నెట్ చిరునామా వరసకి వరస కిందికి దిగుతూనే ఉంది. ఆదివారాలు తప్ప అన్ని పొద్దులూ ఉన్నాయి. ఐదు వందల పైచిలుకు. అన్నీ ఎంచుకుని ఒక్క మీట నొక్కితే పోతాయి. వేలు మీట మీద పెట్టాను కూడా. అప్పుడు చివర్లో, శుక్రవారం దగ్గర, నాది కాని చిరునామా ఒకటి కనిపించింది. ఎవడో అదే పెరటి దారిన వచ్చాడు. మూడు నిమిషాలున్నాడు. పెత్తనమంతా తనకుండేలా ఒక కొత్త ఖాతా చేసుకుని వెళ్లాడు.

రెండేళ్ల కిందట నేను ఒక్క మాట చెప్పి ఉంటే వాడికి ఆ దారే ఉండేది కాదు. రేపు వాడు రక్తం రిపోర్టులు తారుమారు చేస్తే? ఆపరేషన్ మధ్యలో అన్నీ ఆపేస్తే? నా చిరునామా చెరిపినట్టు తెలిస్తే చిట్టా మొత్తాన్ని ఎవరూ నమ్మరు, వాడి జాడకీ విలువుండదు. పైగా ఇంకోటి కూడా చెప్పాలి. ఆ వరసలు చెరపడానికి నాకు చేతులు రాలేదు. ఈ రెండేళ్లలో నేను చేసిన కాపురమంతా వాటిలోనే ఉంది.

అంజన వచ్చేసరికి చిట్టాకి నకలు తీసి, ఆ దొంగ ఖాతా మూసేసి కూర్చున్నాను. ఆమె తెర మీదికి వంగింది.

"శుక్రవారం వాడు దొంగ, సరే. మరి వీడెవడు? రోజూ ఏడూ నలభై అయిదు. ఒకటే పేజీ. ఏమీ ముట్టుకోలేదు, ఏమీ పట్టుకుపోలేదు. దొంగా, పాలు పోసేవాడా?"

సరిగ్గా అప్పుడే ఎల్సి లోపలికి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట. జుట్టు కొంచెం నెరిసింది. అంత దగ్గరగా చూసి మూడేళ్లయింది.

"కంప్యూటర్లు మళ్లీ ఎప్పుడు పనిచేస్తాయో కనుక్కోమన్నారు సిస్టర్" అంది అంజనతో. నన్ను చూసి, "నమస్కారం సార్" అంది. ఇంట్లో నన్ను ఇచ్చాయా అని పిలిచేది.

"ఒక్క నిమిషం చేచీ, ఇక్కడో వింత మనిషి దొరికాడు" అని అంజన మళ్లీ తెర వైపు తిరిగింది. "ఈ చిరునామా పోలీసులకిస్తే ఎవరిల్లో చెబుతారు."

"అక్కర్లేదు. నేనే" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. తల వంచుకుని అంతా చెప్పాను. పెరటి దారి, పదిహేడో చుక్క, పొద్దున చాయ, అన్నీ. చెప్పడం అయ్యాక కూడా తల ఎత్తలేదు.

"పదిహేడా?" అంది ఎల్సి. "రెండో అంతస్తులోనా?"

"అవును."

"నేను జూన్‌లోనే కిందికి బ్లడ్ బ్యాంకుకి మారిపోయాను. ఇప్పుడు ఆ సీట్లో డెల్నా కూర్చుంటోంది. ఆ పిల్లెవరో మీకు తెలియనే తెలియదు."

జూన్ నుంచి ఇప్పటికి తొమ్మిది నెలలు. మనుషులు సీట్లు మారతారు, తెర మీద పేరు ఎవరూ మార్చరు. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠమే అది, పేరు నమ్మకు, వెళ్లి చూడు అని.

"మరి జనవరిలో పదకొండు రోజులు చుక్క వెలగలేదు..." అన్నాను.

"డెల్నా పెళ్లి సెలవు."

ఆ పదకొండు రోజులూ నాకు ముద్ద దిగలేదు. చర్చికి వెళ్లి మేరీ మాత ముందు రోజుకో కొవ్వొత్తి వెలిగించాను. ఎవరో తెలియని పిల్ల పెళ్లి చేసుకుంటుంటే నేను మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను.

అంజన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "చేట్టా, ఇది రిపోర్టులో రాయాలి" అంది మెల్లగా.

"రాయి. రెండేళ్ల నుంచి తెలిసీ చెప్పలేదని కూడా రాయి."

మూడింటికల్లా పని ముగిసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన మరమ్మతు వేశాం, పాస్‌వర్డులన్నీ మార్చాం, నా పాత పేజీ నొక్కి చూశాం. ఎవరు నువ్వని అడిగింది. శుక్రవారం వచ్చినవాడు ఖాతా చేసుకున్నాడే గానీ రిపోర్టుల జోలికి పోలేదని తేలింది. సిస్టర్ రోసిలిన్ అంతా విని, "దేవుడు కాపాడాడు. నువ్వు మాత్రం కాదు. ఇక ఈ గేటు లోపలికి రావద్దు" అన్నారు. తలూపాను.

మెట్ల దగ్గర ఎల్సి నిలబడి ఉంది. నా కోసమే.

"ఏం తెలుసుకుందామని అలా చూసేవారు?"

"నువ్వు బాగున్నావో లేదో అని."

"కంప్యూటర్ వెలిగితే నేను బాగున్నట్టేనా?" అంది కోపంగా. "ఇంట్లోనూ ఇంతే. అన్నం గిన్నె మూత తీసి చూసి నేను తిన్నదీ లేనిదీ తెలుసుకునేవారు. తిన్నావా అని నోరు తెరిచి ఒక్కరోజు అడగలేదు. నేను దొంగచాటుగా చూడాల్సిన దాన్నా? ఇరవై ఏళ్లు మీ పక్కన పడుకున్నదాన్ని."

"అడిగితే చెప్పవేమోనని భయం" అన్నాను. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. నిజం అదే.

"నా నంబరు మారలేదు" అంది. "తెలుసుకోవాలనుంటే అడగండి. చెప్పాలనిపిస్తే చెబుతాను, లేకపోతే లేదు. అది నా ఇష్టం." కాగితాల కట్ట పట్టుకుని కింది అంతస్తు వైపు వెళ్లిపోయింది. బ్లడ్ బ్యాంకు ఎడమ వైపు. అక్కడ ఆమె ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలియదు.

బుధవారం ఏడూ నలభై అయిదుకి ఫోన్ తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. "వచ్చావా?" అని రాసి చెరిపాను. మళ్లీ రాశాను. "బాగున్నావా?" అని కలిపి, కళ్లు మూసుకుని పంపేశాను. వెంటనే వాట్సాప్‌లో రెండు గీతలు నీలంగా మారాయి. చదివింది.

చాయ చల్లారిపోయింది. ఆ రోజు పనికి వెళ్లలేదు. పదికి చూశాను, మధ్యాహ్నం చూశాను, ఆమె డ్యూటీ దిగి బస్సెక్కే వేళకి మళ్లీ చూశాను. జవాబు రాలేదు. ఆ రోజు ఆమె పనికి వచ్చిందో లేదో, బాగుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.