గొంతు పాఠాలు

గాలి. పొద్దుటి నుంచీ ఒకటే గాలి... కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటూనే ఉంది. లేచి గడియ పెట్టే తీరిక ఆమెకు లేదు.

అందరూ ఆమెను పెద్దక్క అంటారు. పోలీసులు కూడా. ఒకప్పుడు లాఠీతో పలకరించినవాళ్ళే.

మగపిల్లాడివే అంటూ ఆడపిల్లగా పెరగనివ్వని ఇళ్ళ నుంచి పారిపోయి వచ్చిన ఆడపిల్లలకు మొదటి నీడ ఆమె ఆఫీసే. దర్జీ కొట్టు పైన రెండు గదులు. ముందు గదిలో కేసులు. వెనక గదిలో గొంతు పాఠాలు.

అవును, గొంతుకూ పాఠాలుంటాయి. ఛాతీలో మోగే మాటను మెల్లగా పైకి తేవాలి — ముక్కు దాకా, పెదాల దాకా. పెదాలు మూసి 'మ్...' అనాలి. నెలల తరబడి. నవ్వొచ్చినా, కోపమొచ్చినా మళ్ళీ కిందికి జారకూడదు. ఏడుపులో మాత్రం ఎంతటివాళ్ళకైనా జారుతుంది.

ఆమె అలా సాధించుకున్న గొంతే అది. దానితోనే ఆస్పత్రుల్లో ఆడవాళ్ళ వార్డులో మంచాలిప్పించింది. ఇల్లు అద్దెకివ్వని గుమ్మాల ముందు కూర్చుని పోట్లాడింది. కాలు ఒకచోట నిలవదు ఆమెకు.

పిల్లలకు పెట్టిన నియమం ఒక్కటే. పాత గొంతు ఎవరి కోసమూ బయటికి తీయొద్దు.

అలాంటి మనిషికి అన్నయ్య ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళకు.

అమ్మ మంచం పట్టిందట. చూపు పోయిందట. పాత పేరుతో తననే కలవరిస్తోందట.

"చీరలోనే రా, ఆవిడకెలాగూ కనపడదు. గొంతు మాత్రం పాతది పెట్టు. కొడుకొచ్చాడని తెలిస్తే ఆ ప్రాణం కుదుటపడుతుంది."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఒళ్ళు మండిపోయింది. అయినా బయల్దేరింది.

బస్సులోనూ గాలి... కిటికీ పక్కన పెదాలు మూసి, 'మ్...' అంటూ గొంతును ఛాతీలోకి దించి చూసింది. ఉంది. పాత గొంతు ఎక్కడికీ పోలేదు. పిలవని చుట్టంలా లోపలే కూర్చుని ఉంది. భయం వేసింది.

అది పలికితే అమ్మకు కొడుకు దొరుకుతాడు. పలకకపోతే అమ్మకు ఎవరూ దొరకరు.

మరి తను?

ఆ సంగతి ఎవరూ అడగలేదు.

గుమ్మంలో వదిన పక్కకు జరిగింది. అన్నయ్య గొంతు సంగతి కళ్ళతోనే గుర్తు చేశాడు.

అమ్మ ఎంత చిన్నదైపోయింది... దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

"ఎవరూ?" అంది.

పెద్దక్క నోరు తెరిచింది. పాత గొంతు సిద్ధంగానే ఉంది. ఏడుపూ సిద్ధంగానే ఉంది. రెండూ కలిసి ఎగదన్నుకొచ్చాయి —

"నేనేనమ్మా."

తన గొంతే. వణికింది గానీ జారలేదు.

అన్నయ్య తల పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆమె గాజుల మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"అచ్చం మా అమ్మ గొంతు," అంది అమ్మ. "కాళ్ళు లాగేస్తున్నాయి... కాస్త పట్టవూ."

ఎప్పుడో పోయిన తన తల్లే వచ్చిందనుకుందో... ఈ బిడ్డనే పోల్చుకుందో...

అడగలేకపోయింది. ఎంత పెద్ద అధికారినైనా నిలదీసే మనిషి, అమ్మను అడగలేకపోయింది. మంచం చివర కూర్చుని కాళ్ళు పట్టసాగింది.

అమ్మ మళ్ళీ ఏమైనా అంటుందేమో... ఈ గాలి హోరులో వినపడదేమో... ముందుకు వంగి, కాళ్ళు పడుతూనే ఉంది.