వైరు కనపడని పని

కార్లకి కరెంటు పని చేసే పెద్దమేస్త్రికి ఒకటే గొప్ప. తను బిగించిన సామానుకి వైరు కనపడదు. ముప్పై ఏళ్లుగా అన్నం దగ్గర కూడా అదే మాట. ఇంట్లోవాళ్ల చెవులు చిల్లులు పడ్డాయి.

అలాంటాయన దగ్గరికి సొంత బావమరిదే కొత్త కారు తెచ్చాడు. రాడార్ డిటెక్టర్ బిగించాలిట. రోడ్డు పక్కన స్పీడు చూసే రాడార్ ఉంటే ముందే కూత పెట్టే డబ్బా అది. వాళ్లుండే దేశంలో అది పెట్టుకోవడం తప్పేం కాదు. కాకపోతే పాత కార్లో అద్దానికి తగిలిస్తే, దొంగ చూసి అద్దం పగలగొట్టి మరీ పట్టుకుపోయాడు. అందుకని ఈసారి బయటికి కనపడకూడదు.

"సాయంత్రం వచ్చి వెతుకుతా బావా. దొరికిందో, ఇక ఆ వైరు కబుర్లు నా దగ్గర చెప్పకు," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆరేళ్లుగా పక్కనే పని చేస్తున్న కూతురు, ఇది నేను చేస్తా నాన్నా అంది. మీ మావయ్య నోట్లో పడేది నేను, నువ్వు కాదని ఆయన తోసేశాడు.

డాష్‌బోర్డు మూత కింద డబ్బా దాచి, మూత నొక్కేశాడు. ముద్దొచ్చేలా ఉంది. ఇద్దరూ కారేసుకుని, బడి ముందు రాడార్‌తో మన స్పీడు కొలిచి చూపించే బోర్డు దాకా వెళ్లారు. బోర్డు మీద ముప్పై ఎనిమిది పడింది. డబ్బా ఉలకదు పలకదు. మళ్లీ తిప్పారు. అంతే. సరుకే చెత్తదని ఆయన గొణిగాడు.

కూతురు గోటితో ముందద్దం మీద కొట్టింది. "ఎండ ఆపడానికి దీనికి లోహం పూత వేశారు నాన్నా. రాడార్‌ని కూడా ఆపేస్తోంది. వెనక బళ్లు చూసుకునే లోపలి అద్దం వెనక, ఈ నల్ల చుక్కలున్న చోట మాత్రం పూత లేదు."

ముప్పై ఏళ్లూ వైరుని చూశాడు గానీ అద్దాన్ని ఎప్పుడు చూశాడని! కారు వెనక్కి తిప్పాడు. షెడ్డుకి రాగానే, ప్యానెళ్లు ఊడదీసే తన ప్లాస్టిక్ పట్టీ జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

డబ్బాని లోపలి అద్దం వెనకున్న నల్ల తొడుగులో ఇమిడ్చింది. వైరుని కప్పు గుడ్డ మీదుగా తెచ్చి, ఎయిర్‌బ్యాగ్‌కి అడ్డం రాకుండా దాని వెనకనించి దింపి, కంపెనీ వైర్ల కట్టతో కలిపి గుడ్డ టేపు చుట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి, వెల్లకిలా పడుకుని మరీ వంక వెతికాడు. దొరకలేదు. మళ్లీ బడి వైపు వెళ్లారు. బోర్డు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే డబ్బా కూసింది. ఏదీ, ఇంకోసారి తిప్పమ్మా అంటూ మూడుసార్లు తిప్పించాడు.

సాయంత్రం బావమరిది సీట్ల కింద దూరి, తల కొట్టుకుని, చేతులెత్తేశాడు. "ఒప్పుకున్నా బావా. నీ చెయ్యే చెయ్యి."

నోరు మూసుకుంటే ఆ పొగడ్త ఆయనదే.

"నా చెయ్యి కాదురా. నేను పెట్టింది మూగదైంది. ఇది నీ మేనకోడలి పని."

"అయితే ఇకనించి నీతో పనిలేదన్నమాట."

"లేదు. దాన్నే అడుగు. ఖాళీ ఉంటే చేస్తుంది."

ఆ పూట అన్నం దగ్గర మళ్లీ వైరు కబురే మొదలైంది. కాకపోతే ఈసారి, "మా అమ్మాయి బిగిస్తేనా..." అని.