అన్నిళ్లకీ ఒకటిన్నరే

కరెంటు మేస్త్రీ చేయి తిరిగినవాడు. ముప్పయ్యేళ్లలో మూడొందల ఇళ్లకు వైరింగు చేశానని అడక్కపోయినా చెప్పుకునేవాడు. అయితే ఆయనకో అలవాటుంది. పని పూర్తయ్యాక కరెంటాఫీసుకిచ్చే కాగితంలో ఎర్త్ కొలత రాయాలి. ఇనప సామానుకు కరెంటు తగిలితే అది మనిషి జోలికి పోకుండా నేలలోకి దిగే దారి ఎలా ఉందో ఆ అంకె చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత మంచిది. నేలలో మేకులు దిగ్గొట్టి మీటరుతో కొలవాలంటే అరగంట పని. మేస్త్రీ ఆ అరగంట మిగుల్చుకుని, సెలవురోజున నాలుగైదు కాగితాలు ముందేసుకుని అన్నిట్లోనూ "ఒకటిన్నర" అని రాసేసేవాడు. ఒకటి అంటే మరీ గొప్పలు పోయినట్టుంటుంది, రెండంటే తన పనికి చిన్నతనం.

ఇన్నాళ్లకు సొంతిల్లు కట్టుకున్నాడు. కనెక్షను ఇవ్వడానికి లైన్‌మన్ స్తంభమెక్కి కూర్చున్నాడు. కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరమ్మ కాగితం చూసి నవ్వింది.

"ఒకటిన్నర! మీరు చేశాక ఇంక కొలిచేదేముంది మేస్త్రీగారూ? సంతకం పెట్టండి, కరెంటిచ్చేస్తాం."

మేస్త్రీ దర్జాగా పెన్ను తీశాడు. అప్పుడే ఆయన భార్య స్నానాలగదిలోంచి తొంగి చూసింది.

"ఏమండీ, ఈ గీజరు తడిచేత్తో ముట్టుకున్నా ఏం కాదు కదా?"

మూడొందల ఇళ్ల ఇల్లాళ్లకు నిమ్మకు నీరెత్తినట్టు "నిక్షేపంగా ముట్టుకోండమ్మా" అన్న పెద్దమనిషికి ఇవాళ భయమేసింది. అవును, ఉత్త భయమే.

"ఓసారి కొలుద్దాం మేడం. మీ మీటరివ్వండి."

"మీ పని మీద మీకే నమ్మకం లేదా?"

"ఉంది. కానీ ఆ గీజరు మా ఆవిడ వాడుతుంది."

మేకులు దిగ్గొట్టారు. మీటరు మీద అంకె వందలు దాటి ఎక్కడా ఆగలేదు. మేస్త్రీ చెమటలు కక్కుతూ ఎర్త్ గుంట మూత తీశాడు. ఇంట్లోంచి వచ్చే తీగ ఉంది, నేలలోకి దిగిన గొట్టం ఉంది, రెంటినీ పట్టి ఉంచే బోల్టు లేదు. అది ఆయన పనిసంచీ అడుగున దొరికింది. ఎప్పుడూ ఆఖర్న బిగిద్దామనుకునే బోల్టది.

బిగించి మళ్లీ కొలిస్తే మూడొచ్చింది.

"మూడైతే ఫరవాలేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. మేస్త్రీ ఒకటిన్నర కొట్టేసి మూడని రాశాడు. ముప్పయ్యేళ్లలో ఆయన రాసిన మొదటి నిజం అదే. లైన్‌మన్ కనెక్షను కలిపాడు. ఇంట్లో దీపాలు వెలిగాయి, భార్య మొహం విప్పారింది.

ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం నవ్వడం మానేసింది.

"మేస్త్రీగారూ, పోయినేడు మా ఇంటికి వైరింగు చేసింది మీరేగా? కాగితంలో ఒకటిన్నరని రాశారు. కొలిచారా?"

మేస్త్రీ నేలలోని మేకులు పీకుతూ అడిగాడు.

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"మా అమ్మ. ఈపాటికి మిషన్లో బట్టలు వేస్తూ ఉంటుంది."

"ఫోన్ చెయ్యండి. మిషను ముట్టుకోవద్దని చెప్పండి," అంటూనే మేస్త్రీ ఆమె మీటరు చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు, కాళ్లకు చెప్పులైనా లేకుండా. వెనక నుంచి భార్య కేకేసింది.

"ఏమండీ, మా అక్క వాళ్లింటికి కూడా మీరేగా చేసింది!"